డెబ్బై జీరో టికెట్లు

మొన్న దసరాకి నర్సంపేటలో మా అత్తగారింట్లో అందరం కలిశాం. బగారా అన్నం, మటన్ కూర రెండో విడత వడ్డిస్తున్నాను. మా పెద్దమామ గారు విస్తరి ముందు కూర్చుని, నన్ను చూసి నవ్వుతూ అన్నారు. "ఫ్రీ బస్సు పెట్టినకాడి నుంచి ఆడోళ్ళ కాళ్ళు ఇంట్ల నిలుస్తలేవు. మన కొత్త కోడల్నే చూడుండ్రి, ఏడాదిల ఎన్ని ఊర్లు తిరిగింది!"

అందరూ నవ్వారు. ఆడవాళ్ళు కూడా. చేతిలో గరిటె పట్టుకుని నేనూ నవ్వాను. కొత్త కోడలు నవ్వకపోతే ఎలా?

ఏటూరునాగారం తిరిగొచ్చాక నాకు ఆయన మాట మీద కంటే నా నవ్వు మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను. కొంచెం కటువుగా ఉంటే సర్దుకోండి.

మా పెళ్ళి 2023 నవంబరు చివర్లో అయింది. పెళ్ళై రెండు వారాలు కాకముందే, డిసెంబరు 9న, ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆయన ఏటూరునాగారం దగ్గర ఓ బడిలో టీచరు. నా కాపురం, ఫ్రీ బస్సు ఒకేసారి మొదలయ్యాయన్నమాట. కొత్త కాపురానికి వస్తూ హనుమకొండ బస్టాండులో ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ మిషన్ నొక్కి టికెట్ చేతిలో పెట్టింది. దాని మీద సున్నా. అంత దూరం, అంత అడవి, చివరికి గోదావరి ఒడ్డు, అన్నిటికీ కలిపి సున్నా రూపాయలు! ముచ్చటేసి పర్సులో దాచుకున్నాను. ఇంటికొచ్చాక ఖాళీ బూస్టు డబ్బాలో వేశాను. తర్వాత అది అలవాటైపోయింది. ప్రతి జీరో టికెట్టూ ఆ డబ్బాలోకే.

పెద్దమామ మాట తర్వాత ఓ ఆదివారం ఆ డబ్బా మంచం మీద బోర్లించాను. సగం టికెట్ల మీద అక్షరాలు వెలిసిపోయాయి. ఆ కాగితం అంతే, ఎండ తగిలినా చెమట తగిలినా తెల్లబడుతుంది. కానీ నాకు ఏ టికెట్ ఏ ప్రయాణానిదో గుర్తుంది. క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కేశాను. మొత్తం డెబ్బై.

ఇరవై నాలుగు టికెట్లు నర్సంపేటవి. ఇక్కడి నుంచి మల్లంపల్లిలో దిగి ఇంకో బస్సు మారాలి కాబట్టి పోనూ రానూ నాలుగు, ఆరుసార్లు. ఉగాదికొకసారి, వాళ్ళ వైపు పెళ్ళిళ్ళకు మూడుసార్లు, మా ఆడబిడ్డ శ్రీమంతానికొకసారి, తొట్టెలకొకసారి. (దసరాకి మాత్రం ఆయన బండి మీద వెళ్ళాం, దానికి టికెట్ లేదు.) పద్దెనిమిది టికెట్లు హనుమకొండ ఆసుపత్రివి. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు ముదిరి, ఆపరేషన్ దాకా వెళ్ళి, ఆ తర్వాత చూపించుకోవడానికి, కట్లు మార్పించడానికి తొమ్మిదిసార్లు తిరిగాం. పది టికెట్లు ములుగువి. బ్యాంకులో పేరు మార్పు, ఆధార్‌లో అడ్రసు మార్పు, గ్యాస్ కనెక్షన్ కాగితాలు, ఓసారి కుక్కర్ రిపేరు కూడా. పదహారు జనగామవి, అంటే మా అమ్మగారింటివి. సంక్రాంతి, ఆషాఢం, రాఖీ, బతుకమ్మ.

మిగిలినవి రెండు. వాటి సంగతి తర్వాత చెప్తాను.

పెద్దమామ అన్న "తిరగడం" ఇదీ. మూడు గంటలు నిలబడి పోయి అక్కడ దిగగానే కొంగు నడుముకి దోపుకుని ఉల్లిపాయలు తరగడం. ఆసుపత్రి వరండాలో ఓ చేతిలో ఎక్స్‌రే కవరు, ఓ చేతిలో అత్తమ్మ చెయ్యి పట్టుకుని నిలబడటం. ఇవన్నీ నేను మనసులో పెట్టుకుని చేశాననుకోకండి. అత్తమ్మ నడిస్తే నాకూ సంతోషమే. కానీ పనిని పని అనండి. షికారు అని పేరు పెట్టకండి. మా ఆయన బడి పని మీద అదే బస్సులో హనుమకొండ పోతే అది "డ్యూటీ". వాళ్ళమ్మ ఆపరేషన్‌కి నేను పోతే "కోడలు బాగ తిరుగుతున్నది". ఒకే బస్సు, ఒకే దారి, పక్కపక్క సీట్లు.

ఆ వెల్లుల్లి వీడియో గుర్తుందా? పోయిన ఆగస్టులో అందరి ఫోన్లలోకీ వచ్చింది. బస్సులో కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీసుకుంటున్నారని ఊరంతా నవ్వారు. నేనూ నవ్వాను. మా అక్కచెల్లెళ్ళ గ్రూపులో పంపింది కూడా నేనే, నాలుగు నవ్వు బొమ్మలు పెట్టి మరీ. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒక ఆడది బస్సెక్కి కూర్చుంది, కిటికీ లోంచి చెట్లు చూడొచ్చు, కళ్ళు మూసుకోవచ్చు, పక్కావిడతో ముచ్చట పెట్టొచ్చు. అవన్నీ మాని ఇంటికెళ్ళేసరికి వంట ఆలస్యమవుతుందని వెల్లుల్లి ఒలుచుకుంటోంది. దాన్ని చూసి మనకి నవ్వొచ్చింది. ఖాళీగా కూర్చుంటే "పనిలేక తిరుగుతున్నారు" అంటాం, పని చేసుకుంటే వీడియో తీస్తాం. మరి ఆవిడ ఎలా కూర్చోవాలో ఎవరైనా చెప్పండి.

న్యాయంగా మాట్లాడాలి కనుక ఇంకో మాటా ఒప్పుకుంటాను. బస్సులు కిక్కిరిసిపోతున్నాయి, నిజం. రాఖీ రోజు నేను హనుమకొండ నుంచి జనగామ దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. కండక్టర్లకి, అందులోనూ ఆడ కండక్టర్లకి, చచ్చే చావు. టికెట్ కొనుక్కున్న మగవాళ్ళకి సీటు దొరక్క విసుక్కోవడమూ చూశాను. ఆటోలవాళ్ళకి గిరాకీ పడిపోయింది, వాళ్ళిళ్ళలోనూ ఆడవాళ్ళే పొయ్యి మీద గిన్నె పెట్టాలి. వీటికి బస్సులు పెంచమని అడగాలి, ఆటోలవాళ్ళకి దారి చూపమని అడగాలి. ఢిల్లీలో 2019లోనే పెట్టారు, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో. మనమేం లోకంలో లేని వింత చేయలేదు. ఇబ్బందులుంటే సర్దుకోవాలి గానీ ఎక్కిన ఆడదాన్ని అనడం దేనికి?

ఈ సున్నా విలువ మా అమ్మని అడగాలి.

మా అమ్మమ్మగారి ఊరు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర. జనగామ నుంచి బస్సులో గంట కూడా పట్టదు. అయినా నా చిన్నప్పుడు మా అమ్మ ఏడాదికి రెండుసార్లు వెళ్ళిందేమో. చార్జీ లేక కాదు, చార్జీ అడగలేక. మా నాయన చెడ్డవాడేం కాదు, అడిగితే ఇచ్చేవాడు. ఇచ్చేముందు "ఎందుకు? మొన్ననే పోయినవ్ గద?" అని ఒక్క మాట అడిగేవాడు, అంతే. ఆ ఒక్క మాటకి జవాబు చెప్పుకోలేక మా అమ్మ పోవడం మానుకునేది. అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చిన రోజు కూడా "ఐతారం పోత" అని ఊరుకుంది. మూడో రోజు ఇంకో కబురొచ్చింది. ఆ రోజు మాత్రం చార్జీ గురించి ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

అదే మా అమ్మ ఈ ఏడాది నన్ను చూడటానికి ఏటూరునాగారం నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి ఎండాకాలంలో చెప్పకుండా వచ్చేసింది. సంచిలో మామిడికాయ తొక్కు సీసా, సర్వపిండి. "ఏమైందే అమ్మా?" అని భయపడ్డాను. "ఏమయితది? యాదికొచ్చినవ్, బస్సెక్కిన" అంది. యాభై ఏళ్ళు దాటాక మా అమ్మ నోటి నుంచి అలాంటి మాట మొదటిసారి విన్నాను. యాదికొస్తే బస్సెక్కడం. మగవాళ్ళకి ఇది చాలా చిన్న సంగతిలా ఉంటుంది.

అయితే నా గొడవ ఇక్కడితో ఆగదు. ప్రభుత్వం చార్జీ తీసేసింది, బాగుంది. కానీ మన ఇళ్ళలో అడిగే ఆ "ఎందుకు?" మాత్రం అలాగే ఉంది. పైగా చార్జీ లేదు కాబట్టి కోడల్ని దేనికైనా పంపొచ్చు అనే కొత్త తెలివి ఒకటి వచ్చింది. "నువ్వైతే ఫ్రీ గదా, నువ్వే పోయిరా" అన్న మాట ఈ ఏడాదిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెళ్ళికి ముందు ములుగు పనులు మా ఆయనే చూసుకునేవాడట. నేనొచ్చాక అవన్నీ నావైపు జారాయి. ఆయన పోతే చార్జీ, నేను పోతే సున్నా! బస్సులో నా చార్జీ సున్నా అయ్యేసరికి ఇంట్లో నా రోజు ధర కూడా సున్నా అయిపోయింది. ఇది ఆయనతో అన్నాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు కుక్కర్ తీసుకుని ఆయనే ములుగు వెళ్ళాడు.

ఇక మేడారం. ఇది చెప్పకుండా నా కాపురం గురించి చెప్పినట్టే కాదు.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా సమ్మక్క సారలమ్మ జాతర. మేడారం మా ఊరికి గంట దారి. చుట్టాలందరికీ ఒక్కసారిగా మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మా కిరాయి ఇల్లు రెండు గదులు, ఒక్కటే బాత్రూము. ఆ వారంలో వచ్చి పోయినవాళ్ళని లెక్కపెడితే ముప్పై ఏడుగురు. బెల్లం దిమ్మెలు, అదే బంగారం, వరండా నిండా. కట్టేసిన కోళ్ళు. మంచాల కింద చెప్పులు. తెల్లవారి మూడింటికి లేచి టీ పెడితే రాత్రి పదకొండింటికి పొయ్యి ఆరేది. బోరు నీళ్ళు చాలక బిందెలతో మోశాను. బుధవారం సారలమ్మ గద్దెకొచ్చిందన్నారు. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చిందన్నారు. శనివారం తల్లులు వనంలోకి వెళ్ళిపోయారన్నారు. అన్నీ నేను వంటింట్లో వింటూనే ఉన్నాను. రాజుల సైన్యానికి ఎదురు నిలిచిన ఆడవాళ్ళ జాతర అది. దానికి గంట దూరంలో నేను జీలకర్ర వేయిస్తూ నిలబడ్డాను.

పోయేటప్పుడు మా చిన్నత్తమ్మ గారు నా బుగ్గ నిమిరి, "అదృష్టవంతురాలివి బిడ్డా, తల్లుల పక్కన్నే కాపురం. రోజూ దర్శనమే" అన్నారు. ఏం చెప్పను?

ఆ తర్వాతి బుధవారం తిరుగువారం. జాతర అయిపోయాక చేసే పండగ. ఆ రోజు నేను గట్టిగా చెప్పాను. ఇవాళ వంట లేదు, చుట్టాలు లేరు, మనిద్దరం పోతున్నాం. ఆయన బడికి సెలవు పెట్టాడు. బస్సులో సీటు దొరికింది. జనం ఉన్నారు గానీ ఊపిరాడుతోంది. జంపన్న వాగులో కాళ్ళు తడుపుకున్నాం. గద్దెల దగ్గర చిన్న బెల్లం ముద్ద పెట్టి మొక్కాను. ఏం మొక్కానో గుర్తు లేదు, అసలు అడగడానికేమీ తోచలేదు. చెట్టు కింద కూర్చుని బస్టాండు దగ్గర కొన్న మిర్చి బజ్జీలు తిన్నాం. ఆ పోనూ రానూ రెండు టికెట్లే నేను పక్కన పెట్టినవి. డెబ్బైలో నా కోసం నేను ఎక్కినవి ఆ రెండూ.

అమ్మగారింటి పదహారు నావి కావా అంటారా? నేనూ చాలాసేపు ఆలోచించాను. ఆషాఢంలో నన్ను పంపింది ఆచారం. నాకు పోవాలని ఉందా అని ఎవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, కొత్తగా పెళ్ళై ఒకరికొకరు అలవాటు పడుతున్న రోజుల్లో నెల రోజులు పొమ్మంటే నాకు ఏడుపొచ్చింది. రాఖీకి అన్నకి కట్టి, తిని, గిన్నెలు కడిగి సాయంత్రం బస్సుకే బయల్దేరాను. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం నావే, ఒప్పుకుంటాను. తంగేడు, గునుగు కోసం పొలాల వెంట నడిచిన ఆ పొద్దున్నలు ఎవరికీ లెక్క చెప్పను.

ఇంకో ప్రయాణానికి టికెట్టే లేదు. వానాకాలంలో ఓ ఆదివారం ఆయన బండి మీద బొగత జలపాతానికి వెళ్ళాం. ముల్లకట్ట వంతెన మీద ఆపి గోదావరిని చూశాం. ఎర్రగా, నిండుగా, ఒడ్డు నుంచి ఒడ్డుకి. మా పక్కింటి అక్క 2022 జూలై వరదల గురించి చెప్తుంటే కథలా విన్నాను గానీ ఆ నీళ్ళు చూశాక ఒళ్ళు జలదరించింది. వాజేడు దాటి బొగత దగ్గరికి వెళ్ళి అరగంట కూర్చున్నామో లేదో ఫోను. అత్తమ్మ. "ఏడున్నరు? నా గోలీలు ఏ డబ్బల ఉన్నయ్?" గోలీల డబ్బా ఆవిడ మంచం పక్కనే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. చెప్పాను. పది నిమిషాలకి మళ్ళీ ఫోను, "వాన వచ్చేటట్టున్నది, బట్టలు?" లేచాం. నేను ఆవిడని తప్పు పట్టడం లేదు. కొడుకూ కోడలూ ఏ పనీ లేకుండా, కేవలం నీళ్ళు చూడటానికి వెళ్ళారన్నది ఆవిడకి నిజంగా అర్థం కాలేదు. ఆవిడ జీవితంలో అలాంటి ప్రయాణం ఒక్కటీ లేదు మరి.

దీని మీద మా ఆడబిడ్డతో ఫోన్లో వాదన కూడా అయింది. తను అంది, "వదినా, మా అమ్మ ఎన్నడన్న ఇట్ల అడిగిందా? మనమే ఎక్కువ చేస్తున్నం." నేనన్నాను, మీ అమ్మ అడగలేదు కాబట్టే నేను అడుగుతున్నాను. అడగకపోవడం మంచితనమని మనకి ఎవరో నేర్పారు. ఆ పాఠం నేర్చుకుని మా అమ్మ ఆదివారం దాకా ఆగింది. తను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "బొగత బాగుంటదా?" అని అడిగింది.

డిసెంబరు 4 పొద్దున, ఏడున్నర కావొస్తుండగా ఉప్మా కలుపుతున్నాను. గట్టు మీద గిన్నెలు గలగలమన్నాయి. ముందు లారీ ఏదో పోతోందనుకున్నాను. తర్వాత కాళ్ళ కింద నేల కదిలింది. ఆయన అత్తమ్మని పట్టుకుని, నేను గ్యాస్ కట్టేసి వీధిలోకి పరిగెత్తాం. వీధంతా బయటే ఉంది. కొన్ని క్షణాలే. ములుగు జిల్లాలోనే కేంద్రమనీ, 5.3 తీవ్రత అనీ, హైదరాబాదు దాకా తెలిసిందనీ తర్వాత టీవీలో చెప్పారు. మూడు నెలల కిందట, ఆగస్టు 31న, తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుడిగాలికి వేల చెట్లు ఒక్క పూటలో కూలిపోయాయి. ఇప్పుడు భూమి. మా కాపురం మొదటి ఏడాదిలో ఈ అడవి మాకు చూపించాల్సినవన్నీ చూపించేసింది.

ఆ సాయంత్రం మా ఆయన రామప్ప గుడి గురించి చెప్పాడు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, పునాది కింద ఇసుక నింపారని, శిఖరానికి వాడినవి నీళ్ళ మీద తేలే ఇటుకలని, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందని. టీచరు కదా, మొదలెడితే ఆగడు. నేను వింటూ లెక్కేసుకున్నాను. ఈ ఏడాదిలో హనుమకొండకి, నర్సంపేటకి, జనగామకి పోతూ వస్తూ ఆ గుడికి తిరిగే దారిని కొన్ని పదులసార్లు దాటాను. బోర్డు చదివాను. ఒక్కసారి దిగలేదు. ఎందుకంటే దిగడానికి పనేమీ లేదు.

ఆదివారం పొద్దున్నే తయారయ్యాం. అత్తమ్మకి వండిపెట్టి, గోలీల డబ్బా చూపించి, బట్టలు ఆరేయకుండా ఉంచేశాను. ఆవిడ గడప దగ్గర కుర్చీలో కూర్చుని అడిగింది.

"ఇద్దరు ఏడికి?"

"రామప్పకు అత్తమ్మా."

"ఏం పని?"

"పనేం లేదు. చూసొస్తం."

ఆవిడ నన్నూ, కొడుకునీ మార్చి మార్చి చూసింది. "నర్సంపేటల పుట్టి పెరిగిన. నేనే చూడలే" అంది. ఆ మాటలో దెప్పు ఉందో, ఇంకేమైనా ఉందో ఇప్పటికీ తెలియదు. "మోకాళ్ళు నయమైనంక తీసుకపోత అత్తమ్మా" అన్నాను. ఊ అనలేదు, ఊహూ అనలేదు. మేము గేటు దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"పోతే పోయిండ్రు గని, వచ్చేటప్పుడు ములుగుల కిలో చింతపండు పట్కరాండ్రి. ఎట్లయినా అటే గదా!"

ములుగులో దిగి గుడికి ఆటో మాట్లాడుకున్నాం. దానికి డబ్బులిచ్చాం, బేరం ఆడలేదు. మధ్యాహ్నం దాకా ఆ ఎర్రరాతి గుడి చుట్టూ తిరిగాను. అవును, తిరిగాను. స్తంభాల దగ్గర మదనికల్ని ఒక్కొక్కరినీ తలెత్తి చూశాను. మెడ నొప్పి పుట్టింది.

డబ్బాలో ఇప్పుడు డెబ్బై రెండు. చింతపండు కూడా తెచ్చాం, ఆయన మోశాడు.